జంతువుల అరుపులకు, మనుషుల చప్పుళ్లకు ఆంగ్లంలో ఉన్న మాటలను పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: కోనసీమ ఉపాధ్యాయుడు

సభ్యులందరికీ నమస్కారం. అమలాపురానికి దగ్గరలో ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతుల వారికి ఆంగ్లం చెబుతున్నాను. జంతువుల అరుపులను, మనుషులు నోటితోనూ ముక్కుతోనూ చేసే చప్పుళ్లను అనుకరిస్తూ ఆంగ్లంలో ఏర్పడిన మాటల మీద ఒక పాఠం సిద్ధం చేసుకుంటున్నాను. జాబితాలకు కొదవ లేదు. కుక్కకు ‘బార్క్’, గుర్రానికి ‘నే’, గాడిదకు ‘బ్రే’, సింహానికి ‘రోర్’ అంటూ వ్యాకరణ పుస్తకాల చివర పట్టికలు ఉంటాయి. పిల్లలు వాటిని ఎక్కాల మాదిరిగా అప్పజెప్పేస్తారు కూడా. వాక్యంలో పెట్టమన్నప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. ఒకరు ‘ద కౌ సెడ్ అంబా’ అని రాస్తారు, మరొకరు ‘ద డాగ్ ఈజ్ బౌ బౌ’ అని రాస్తారు. పట్టికలో ఉన్న మాట క్రియ అని, దానికి కాలాన్ని బట్టి రూపం మారుతుందని వారికి తట్టడం లేదు.

ఇంకొక సందేహం కూడా ఉంది. ఈ పట్టికలన్నీ ఇంగ్లండులోని పొలాలనూ పశువులనూ చూసి తయారైనవి. గుర్రాన్ని మా పిల్లలు పెళ్లి ఊరేగింపులో తప్ప చూసి ఎరుగరు, తోడేలును అసలే చూడలేదు. వారి చుట్టూ ఉన్నవి గేదెలు, చేలల్లో బాతుల మందలు, గట్ల మీద తీతువు పిట్టలు, గోడల మీద బల్లులు. వీటి అరుపులను ఆంగ్లంలో ఏమనాలి? ఒకే జంతువుకు మూడు నాలుగు మాటలు కనిపించినప్పుడు వాటిలో దేనిని ఎక్కడ వాడాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

మేష్టారూ, మీ పిల్లలు రాసిన మొదటి వాక్యంలో వ్యాకరణ దోషమేమీ లేదు. ఆంగ్లంలో చిన్నపిల్లల పుస్తకాలు ‘ద కౌ సేస్ మూ’ అనీ, ‘ద కౌ గోస్ మూ’ అనీ రాస్తాయి. ఇక్కడ ‘గో’ అంటే వెళ్లడం కాదు. మన ‘అను’ ధాతువు చేసే పనినే అది చేస్తుంది. ‘అంబా అంది’, ‘కావుకావుమంది’, ‘బుస్సుమంది’ అన్నప్పుడు మనం ధ్వనిని ఉన్నదున్నట్టు పలికి దానికి ‘అను’ తగిలిస్తాము. కాబట్టి ఆ విద్యార్థి తెలుగు వాక్య నిర్మాణాన్నే ఆంగ్లంలోకి తెచ్చాడు, అదృష్టవశాత్తూ ఆంగ్లంలో కూడా దానికి చోటు ఉంది. ‘అంబా’ను ‘మూ’ చేస్తే చాలు. రెండవ వాక్యం మాత్రం ఎక్కడా నిలవదు.

పాఠాన్ని ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చునని నా అభిప్రాయం. ధ్వనిని యథాతథంగా పలికే మాటలు కొన్ని: ‘వూఫ్’, ‘బౌవౌ’, ‘హీహా’, ‘కాక్-ఎ-డూడుల్-డూ’ వంటివి. వీటిని సాధారణంగా ‘గో’తోనో ‘సే’తోనో వాడతారు. ఆ పని చేశాడని తెలిపే క్రియలు మరికొన్ని: ‘బార్క్’, ‘బ్రే’, ‘క్రో’, ‘బ్లీట్’ వంటివి. మన ‘మొరుగు’, ‘సకిలించు’, ‘గాండ్రించు’, ‘ఘీంకరించు’ ఈ రెండవ కోవకు చెందుతాయి. ‘మూ’, ‘క్వాక్’, ‘హిస్’, ‘బజ్’ వంటివి రెండు పనులూ చేస్తాయి, పిల్లలను తికమక పెట్టేవి అవే. ఆంగ్లంలో ధ్వని ఏ సహాయమూ లేకుండానే క్రియగా మారిపోతుంది, వెనక ‘ఎడ్’, ‘ఇంగ్’ చేరిపోతాయి. తెలుగులో ‘బుస్సింది’ అని ఎవరూ అనరు. ‘బుస్సుమంది’ అనో, ‘బుస కొట్టింది’ అనో అనాలి. ఈ ఒక్క తేడా పిల్లల మనసుకు ఎక్కితే పట్టికలోని సగం మాటలు వాటంతట అవే వాక్యాల్లో కుదురుకుంటాయి.

ఒకే జంతువుకు ఇన్ని మాటలెందుకని అడిగారు. మన వీధి అరుగు మీద పడుకునే కుక్కనే తీసుకోండి. గుమ్మంలోకి కొత్తవారు వస్తే అది మొరుగుతుంది, అది ‘బార్క్’. అన్నం తింటూ ఉండగా దగ్గరికి వెళితే పళ్లు చూపకుండా గొంతులోనే గుర్రుమంటుంది, అది ‘గ్రౌల్’. పళ్లు బయటపెట్టి గుర్రుమంటే ‘స్నార్ల్’. కట్టేసిన కుక్క యజమానిని చూసి సన్నగా కుంయ్ కుంయ్‌మంటే ‘వైన్’. ఎవరైనా రాయి విసిరినప్పుడు కుయ్యోమని పరుగెడితే ‘యెల్ప్’. అర్ధరాత్రి మెడ పైకెత్తి ఏడిస్తే ‘హౌల్’. తెలుగులో వీటన్నింటికీ మాటలున్నాయి, కానీ బడిలో మనం ‘మొరుగు’ ఒక్కటే నేర్పుతాము. ఆంగ్లంలోనూ ‘బార్క్’ ఒక్కటే నేర్పుతాము. సందర్భాన్ని ముందు చెప్పి, తెలుగు మాట పిల్లల చేత చెప్పించి, ఆ తరువాత ఆంగ్ల మాట ఇస్తే పాఠం నిలుస్తుంది.

ఒక చిక్కు గురించి ముందే హెచ్చరించాలి. ‘క్రో’ అంటే కాకి అని మూడవ తరగతిలోనే నేర్చుకుంటారు. కానీ ‘క్రో’ అనే క్రియ కాకిది కాదు, కోడిపుంజుది. కాకి చేసేది ‘కా’. ‘ద కాక్ క్రోస్, ద క్రో కాస్’ అని నల్లబల్ల మీద రాసి ఒకసారి నవ్వించండి. పైగా ఈ క్రియకు ‘క్రోడ్’ అనే భూతకాల రూపంతో పాటు ‘క్రూ’ అనే పాత రూపం కూడా ఉంది. 1611 నాటి ఆంగ్ల బైబిలులో పేతురు కథ వద్ద కోడి కూసిందని చెప్పడానికి ఆ రూపమే ఉన్నది కనుక, చర్చికి వెళ్లే పిల్లలు కొందరు దానిని విని ఉండవచ్చు. అలాగే ఆవు అరుపుకు ‘మూ’ కన్న పాతదైన ‘లో’ అనే క్రియ కావ్యభాషలో కనిపిస్తుంది. ‘తక్కువ’ అనే అర్థమున్న ‘లో’తో అక్షరాలు కలిసినా, ఆ రెండింటికీ పుట్టుకలో సంబంధం లేదు.

చివరగా, ఆంగ్ల పుస్తకాలు సాధారణంగా ఎత్తి చూపని ఒక పోలిక మన పిల్లలకు బాగా పనికి వస్తుంది. ధ్వని మళ్లీ మళ్లీ వస్తూ ఉంటే మనం మాటను రెట్టిస్తాము: కిలకిల, గుసగుస, బెకబెక, కువకువ. ఆంగ్లం మాటను రెట్టించడం తక్కువ. దానికి బదులు చివర ‘ల్’ గాని ‘అర్’ గాని చేర్చి చిన్నచిన్నగా పదేపదే జరిగే పనిని సూచిస్తుంది. గిగిల్, చకిల్, మంబుల్, గార్గిల్, క్యాకిల్ ఒక వరుస. చాటర్, మటర్, ట్విటర్, వింపర్, టిటర్ మరొక వరుస. ‘మంబుల్’ దగ్గర మన ‘గొణగొణ’ను, ‘ట్విటర్’ దగ్గర ‘కిచకిచ’ను పక్కపక్కన పెట్టి చూపండి. 2006లో ‘ట్విటర్’ పేరుతో మొదలై 2023లో ‘ఎక్స్’గా మారిన సామాజిక మాధ్యమానికి అంతకు ముందు పిట్ట బొమ్మ ఎందుకు పెట్టుకున్నారో కూడా పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

జవాబు: ఒక తల్లి, కాకినాడ

అధ్యాపకులు గారు చెప్పినదంతా బాగుందండి. అయితే ‘మూ’, ‘వూఫ్’ చిన్నపిల్లల మాటలని త్వరగా దాటేయవద్దని నా మనవి. తొమ్మిదవ తరగతి వారికి కూడా అవే ముందు చెప్పాలి, ఎందుకంటే ఒక్కొక్క భాష చెవి ఎలా వింటుందో వాటిలోనే తెలుస్తుంది. కోడిపుంజు ఫ్రాన్సులో ‘కొకోరికో’ అంటుంది, జర్మనీలో ‘కికెరికి’ అంటుంది, జపానులో ‘కొకెకొక్కో’ అంటుంది. మన ‘కొక్కొరొకో’ను వాటి పక్కన పెడితే నాలుగూ దాయాదుల్లా ఉంటాయి. ఆంగ్లేయుల ‘కాక్-ఎ-డూడుల్-డూ’ ఒక్కటే ఎటో వెళ్లిపోయింది. సంక్రాంతికి ఇంటింటా పుంజుల కూతలు వినే గోదావరి జిల్లాల పిల్లలకు ఈ మాట చెబితే ఆంగ్లం వారి చెవే సరైనదన్న భ్రమ కొంతైనా తొలగుతుంది.

జవాబు: లంక రైతు, ఆత్రేయపురం వైపు

ఉపాధ్యాయులు గారు మా పశువుల గురించి, పిట్టల గురించి అడిగారు కనుక రాస్తున్నాను. నేను భాషాశాస్త్రం చదివినవాడిని కాను; పక్షులను గమనించే అలవాటు, వాటి మీద ఆంగ్ల పుస్తకాలు చదివే అలవాటు ఉన్నాయి.

గేదెకు ‘మూ’ అని రాస్తే తప్పని ఎవరూ కొట్టివేయరు గాని, గేదె అరుపు ఆవు అరుపులా సాగదు. అది ముక్కుతో గరగరమన్నట్టు చేసే చప్పుడుకు ‘గ్రంట్’ సరిపోతుంది. దూడను వెతుక్కుంటూ గట్టిగా అరిస్తే ‘బెలో’ అనవచ్చు. ఆంబోతు రంకెకు కూడా ‘బెలో’యే మాట. మేకకూ గొర్రెకూ రెండింటికీ ‘బ్లీట్’ చెల్లుతుంది. ‘బా’ మాత్రం ఎక్కువగా గొర్రెది.

కోత అయిన చేలల్లోకి బాతుల మందలను తోలుకు వచ్చినప్పుడు దగ్గర నిలబడి వినండి. ‘క్వాక్ క్వాక్’ అని చేను మారుమోగేలా అరిచేవన్నీ ఆడ బాతులే. మగ బాతు గొంతు రాసుకుపోయినట్టు సన్నగా, మెల్లగా ఉంటుంది. ఆంగ్లేయులు బాతు జాతికంతటికీ ఆడదాని అరుపునే పేరుగా పెట్టారన్న మాట. కోళ్ల దగ్గర వారు ఇంకా జాగ్రత్త పడ్డారు: పిల్లలను వెంటేసుకుని పెట్ట చేసే చప్పుడు ‘క్లక్’, గుడ్డు పెట్టిన తరువాత ఊరంతా చాటింపు వేసినట్టు చేసే గోల ‘క్యాకిల్’, కోడిపిల్లలది ‘చీప్’. ఈ మూడింటినీ పిల్లలు ఇంటి పెరట్లోనే విని పోల్చుకోగలరు.

కోయిల విషయంలో మన నిఘంటువులు కొంత తప్పుదారి పట్టిస్తాయి. కోయిలకు ‘కుకూ’ అని రాసి ఊరుకుంటాయి. ‘కుకూ’ అని రెండు ముక్కలుగా కూసే పక్షి ఐరోపాలో వసంతంలో వినిపించేది. మన మామిడి తోటల్లో స్వరం పైపైకి ఎత్తుకుంటూ ‘కుఊ, కుఊ’ అని కూసేది దాని బంధువే గాని అది కాదు. మన పక్షిని ఆంగ్లంలో కూడా ‘కోయెల్’ అనే అంటారు, ఆ పేరు భారతదేశం నుంచే వెళ్లింది. రెండూ పరాయి గూళ్లలోనే గుడ్లు పెడతాయి. మనది ఎక్కువగా కాకి గూటిని ఎంచుకుంటుంది. ఆ కూత కూసేది మగ కోయిల. ఆడది ‘కిక్ కిక్ కిక్’ అని గబగబా అరుస్తుంది, దానిని చాలామంది వేరే పిట్ట అనుకుంటారు.

ఇక తీతువు. ఇది నాకు ఇష్టమైన ఉదాహరణ కనుక కాస్త ఎక్కువ రాస్తాను. ఈ పిట్ట చెట్టు ఎక్కదు. చేల గట్ల మీద, ఇసుక మేటల మీద, గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. గుడ్లు కూడా రాళ్ల రంగులోనే ఉంటాయి. మనిషి గాని కుక్క గాని అటువైపు అడుగు వేస్తే చాలు, పైకి లేచి తల మీద తిరుగుతూ ఒకటే అరుపు. రాత్రిపూట కూడా అరుస్తుంది కనుకనే మన పెద్దలు దానికి అపశకునం అంటగట్టారు. ఆ అరుపును మనవారు ‘తీతువు’ అని పేరుగా పెట్టారు, సంస్కృతం ‘టిట్టిభం’ అన్నది. మన దేశానికి వచ్చిన ఆంగ్లేయులకు అదే అరుపు ‘డిడ్ హి డూ ఇట్?’ అని ప్రశ్నలా వినిపించింది. ‘వాడే చేశాడా?’ అని అర్థం. అలా పిట్టకు ‘డిడ్-హి-డూ-ఇట్’ అనే ముద్దుపేరు నిలిచిపోయింది. వారి దేశంలో ఉన్న దీని దాయాది పక్షికి ‘పీవిట్’ అని పేరు, అదీ అరుపును బట్టి వచ్చినదే. ఎండాకాలంలో ఒకటే పాటను అంతకంతకూ హెచ్చు స్వరంలో కూసే మరొక పిట్టను వారు ‘బ్రెయిన్ ఫీవర్ బర్డ్’ అన్నారు. ఆ కూత వారికి ‘బ్రెయిన్ ఫీవర్’ అన్నట్టే వినిపించింది. ఇక్కడి ఎండలకు వారి తలలు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు.

బల్లి ‘టిక్ టిక్’మని పలికినప్పుడు ఆంగ్లంలో ‘చర్ప్’ అనవచ్చు. ‘గెకో’ అనే ఆంగ్ల పేరు అరుపును అనుకరిస్తూ మలయ్ భాషలో పుట్టి ఆంగ్లంలోకి చేరింది. కప్పకు పుస్తకాలు ‘క్రోక్’ అని చెబుతాయి, అది నిస్సందేహంగా వాడండి. సినిమాల ద్వారా వ్యాపించిన ‘రిబ్బిట్’ను మాత్రం మన చేల కప్పలకు తగిలించవద్దు. అది అమెరికా పడమటి తీరంలో ఉండే ఒక చిన్న చెట్టు కప్ప అరుపు. హాలీవుడ్ ఆ చుట్టుపక్కలే ఉన్నందున ప్రపంచంలోని కప్పలన్నింటికీ ఆ గొంతే అంటుకుంది. తొలకరి పడిన రాత్రి మన పొలాల్లో వినిపించే మోతకు ‘బెకబెక’కు మించిన మాట నాకు ఏ భాషలోనూ కనిపించలేదు.

ప్రశ్నించినవారి స్పందన: కోనసీమ ఉపాధ్యాయుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. అరుగు మీది కుక్క, పెరటి కోళ్లు, తీతువు ఈ మూడింటితో మొదటి రోజు పాఠం నడుపుతాను. మనుషుల చప్పుళ్ల సంగతి మిగిలి ఉంది. నవ్వుకే ఆంగ్లంలో అరడజను మాటలు కనిపిస్తున్నాయి. ‘లాఫ్’, ‘స్మైల్’ తప్ప వేరేవి రాయడానికి పిల్లలు భయపడుతున్నారు. తుమ్ము, గురక, ఎక్కిళ్లు వంటివి చెప్పినా మరునాటికి మరిచిపోతున్నారు. వీటిని గుర్తు పెట్టుకునే దారి ఏదైనా ఉన్నదా?

జవాబు: భాషా విద్యార్థిని, విశాఖపట్నం (సొంత ఊరు పాలకొల్లు)

ఉన్నదండి. ముక్కుతో చేసే పనులకు ఆంగ్లంలో చాలా మాటలు ‘స్న్’తో మొదలవుతాయి. గురకకు ‘స్నోర్’, ముక్కు ఎగబీల్చడానికి ‘స్నిఫ్’, గుర్రంలా ముక్కుతో బుస్సుమనడానికి ‘స్నార్ట్’, తుమ్ముకు ‘స్నీజ్’. పంది ముట్టెకు ‘స్నౌట్’, చీమిడికి ‘స్నాట్’. ఆంగ్ల భాషాశాస్త్రవేత్త జె. ఆర్. ఫర్త్ 1930లో ఇటువంటి ధ్వని గుచ్ఛాలకు ఒక పేరు కూడా పెట్టారు. ప్రతి ‘స్న్’ మాటా ముక్కుదే అనుకోకూడదు. ‘స్నేక్’కు, ‘స్నో’కు ముక్కుతో పని లేదు. అయినా ముక్కు మీద వేలు పెట్టి ఈ ఆరు మాటలను పలికించి చూడండి, మరునాటికి గుర్తుంటాయి.

‘స్నీజ్’కు ఒక చిత్రమైన కథ ఉంది. పాత ఆంగ్లంలో ఈ మాట ‘ఫ్న్’తో మొదలయ్యేది. నిజానికి తుమ్ము వచ్చే తీరుకు ‘ఫ్న్’ మరింత దగ్గరగా ఉంది. తరువాత ఆ సంయుక్తాక్షరంతో మొదలయ్యే మాటలే భాషలో లేకుండా పోయాయి, మధ్యయుగాల చివరికి దీని స్థానంలో ‘స్న్’ కుదురుకున్నది. పక్కనే ఉన్న ‘స్నోర్’, ‘స్నార్ట్’ల సావాసం కూడా కొంత తోడ్పడి ఉంటుంది. తుమ్ము ధ్వనిని యథాతథంగా రాయాలంటే ‘అచూ’ అని రాస్తారు, మన ‘హాచ్’కు అది చుట్టమే.

‘కాఫ్’, ‘లాఫ్’ల చివర ‘జి, హెచ్’ ఎందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఒకప్పుడు ఆ అక్షరాలు గొంతు వెనక నుంచి వచ్చే ఖకారం వంటి ధ్వనికి గుర్తు. ఆ ఉచ్చారణతో ‘కాఫ్’ను పలికి చూస్తే మన ‘ఖళ్లు ఖళ్లు’మనే దగ్గు అందులో స్పష్టంగా వినిపిస్తుంది. పలుకు మారి ‘ఫ్’ అయింది, రాత మాత్రం పాతదే మిగిలింది.

నవ్వుల విషయంలో తెలుగు మాట నుంచి ఆంగ్లానికి వెళ్లమని అధ్యాపకులు గారు చెప్పిన పద్ధతే సరైనది. ఆడపిల్లలు ఆపుకోలేక కిలకిలా నవ్వితే ‘గిగిల్’. పెద్దాయన పేపరు చదువుతూ తనలో తాను నవ్వుకుంటే ‘చకిల్’. ఎదుటివాడి పాట్లు చూసి చాటుగా కిసుక్కుమంటే ‘స్నిగర్’. ఇందులో వెటకారం ఉంటుంది కనుక మంచి సందర్భంలో వాడకూడదు. పొట్ట చెక్కలయ్యేలా విరగబడి నవ్వితే ‘గఫా’. ముసిముసి నవ్వు మాత్రం ఈ వరుసలోకి రాదు, దానిలో చప్పుడు లేదు కనుక అది ‘స్మైల్’ పక్కకే చేరుతుంది. ఆంగ్ల రచయిత లూయిస్ కారల్ 1871లో ‘చకిల్’నూ ‘స్నార్ట్’నూ కలిపి ‘చార్టిల్’ అనే మాటను సృష్టించాడు. సరదాకు పుట్టిన ఆ మాట ఈనాడు నిఘంటువుల్లో గౌరవంగా కూర్చున్నది.

ఏడుపుకూ ఇదే దారి. వెక్కివెక్కి ఏడిస్తే ‘సాబ్’, గొల్లుమంటే ‘వెయిల్’, దెబ్బ తగిలిన పిల్లవాడు ఏడుపు దిగమింగుకుంటూ సన్నగా మూలిగితే ‘వింపర్’. పిల్లవాడు పెద్దవాళ్ల వెంటపడి సణుగుతూ ఉంటే ‘వైన్’ అంటారు. పైన కుక్క దగ్గర వచ్చిన మాటే ఇది, చెవి దగ్గర దోమ చేసే సన్నని రొదకు కూడా ఇదే చెల్లుతుంది. మన కాలువ గట్ల ఊళ్లలో దీనికి వేరే ఉదాహరణ వెతకనక్కర లేదు.

ఎక్కిళ్లకు ‘హికప్’ అనే వర్ణక్రమమే నేర్పండి. పాత పుస్తకాల్లో దీనినే చివర ‘కాఫ్’ అన్నట్టు రాసి ఉంటారు. అది దగ్గుతో సంబంధం ఉన్నదని పొరబడినవారు పెట్టిన రాత. ఆ రాతలో కూడా పలికేది ‘హికప్’ అనే. త్రేన్పుకు రెండు మాటలున్నాయి: ‘బెల్చ్’ పాతది, గట్టిగా వచ్చేదానికి వాడతారు, ‘బర్ప్’ ఇరవయ్యవ శతాబ్దపు మాట, పసిపిల్లల వీపు తట్టి త్రేన్పు తెప్పించడాన్ని కూడా అదే మాటతో చెబుతారు. పరీక్ష పేపరులో ఏది రాసినా తప్పు కాదు.